కూడలి మూలల్లో నెదర్లాండ్స్

నెదర్లాండ్స్ వెళ్లేవాళ్లు తులిప్ తోటలు చూస్తారు, గాలిమరలు చూస్తారు, చిత్రశాలల ముందు బారులు తీరుతారు. మేము వెళ్లింది వీధులు చూడటానికి. మేము అంటే నేనూ, మా అక్కయ్యా. నాకు సైకిలంటే ప్రాణం. అక్కయ్యకు మోకాలి శస్త్రచికిత్స అయింది, చేతికర్ర ఊతంతో నింపాదిగా నడుస్తుంది. ఒక వీధి మంచిచెడ్డలు తేల్చడానికి ఇంతకన్నా తగిన జంట దొరకదని నా నమ్మకం. సైకిలు మీద పోయేవాడికి స్వర్గంలా తోచిన దారి కర్ర పట్టుకున్న మనిషికి గండం కావచ్చు. ఆ తగాదా ప్రయాణం పొడుగునా మా మధ్య నడుస్తూనే ఉంది.

బయలుదేరే ముందే ఒక అపోహ వదిలించుకోవాలి. డచ్చివాళ్లు పుట్టుకతోనే సైకిలు భక్తులని, వాళ్ల వీధులు మొదటినుంచీ ఇలాగే ఉన్నాయని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. 1950, 60 దశకాల్లో ఆ దేశం కూడా కార్ల వెంట పరుగెత్తింది. కాలువలు పూడ్చి రోడ్లు వేసింది, పాత పేటలు కూల్చి పార్కింగ్ స్థలాలు చేసింది. 1971లో రోడ్డు ప్రమాదాల్లో సుమారు 3,300 మంది చనిపోయారు. అందులో 400 మందికి పైగా పిల్లలు. కూతుర్ని అలా పోగొట్టుకున్న విక్ లాంగెన్‌హోఫ్ అనే విలేకరి 1972లో ‘పిల్లల హత్య ఆపండి’ అనే శీర్షికతో పత్రికలో వ్యాసం రాశాడు. ఆ శీర్షికే ఒక ఉద్యమానికి పేరైంది. తల్లిదండ్రులు, పిల్లలు రోడ్ల మీద బైఠాయించారు. 1973లో చమురు సంక్షోభం వచ్చి ఆదివారాలు కార్లను నిషేధించేసరికి, కార్లు లేని వీధి ఎలా ఉంటుందో జనం కళ్లారా చూశారు. ఇవాళ అక్కడ కనిపించే ఎర్ర తారు సైకిలు బాటల వెనక స్వభావం కన్నా కొట్లాట ఎక్కువ ఉంది.

సోమవారం, డెల్ఫ్ట్

ఒకటో నంబరు ట్రామ్ డెల్ఫ్ట్ స్టేషను దాటి టాంట్‌హోఫ్ అనే పేట దాకా పోతుంది. పర్యాటకులు అంతదూరం రారు. పాత ఊళ్లోని కాలువలు, చర్చి శిఖరాలు వాళ్లకు చాలు. మేము చివరి స్టాపు దాకా కదలకుండా కూర్చున్నాం, వోనెర్ఫ్ చూడాలని.

1960ల చివర్లో డెల్ఫ్ట్‌లో మొదలైన ప్రయోగం ఇది. ఇళ్ల మధ్య వీధిలో కార్ల దారి, కాలిబాట అనే విభజన ఎత్తేశారు. వీధి మొత్తం నడిచేవాళ్లది, ఆడుకునే పిల్లలది. కారు రావచ్చు కానీ అతిథిలా రావాలి, ఇంచుమించు నడక వేగంతో పోవాలి. 1976లో దీనికి చట్టబద్ధత వచ్చింది. వీధి మొదట్లో నీలం బోర్డు మీద ఇల్లు, కారు, బంతితో ఆడుతున్న పిల్లవాడి బొమ్మలుంటాయి.

బోర్డు చూసి బుద్ధిమంతుడయ్యే డ్రైవరు ఏ దేశంలోనూ ఉండడు. అందుకే బోర్డును వదిలేసి నేల చూశాను. వీధిలోకి వచ్చే వ్యాను ముందు ఒక వాలు రాళ్ల వరస ఎక్కాలి. నాలుగు అడుగులు రాగానే చెట్టు అడ్డం వస్తుంది, దాన్ని చుట్టి ఎడమకు తిరగాలి. వెంటనే కుడివైపున పార్కింగ్ గళ్లు, ఇటుకల్లో పొదిగిన ‘పి’ అక్షరం. ఆ గళ్లలో తప్ప ఇంకెక్కడా బండి ఆపకూడదు. ఆ తర్వాత బెంచీ, దాని పక్కన పూలకుండీ, మళ్లీ వంపు. నిటారుగా చూపు సాగే చోటు ఎక్కడా లేదు. ఒక సరుకుల వ్యాను మా ఎదుటే వచ్చింది. లోపల డ్రైవరు తొందరలోనే ఉన్నాడు, స్టీరింగు మీద వేళ్లతో దరువేస్తున్నాడు. కానీ తొందరపడటానికి వీధి అతనికి చోటివ్వలేదు.

అక్కయ్య బెంచీ మీద కూర్చుని చుట్టూ చూసి, “బాగానే ఉందిరా. మరి చూపు లేనివాళ్లు దేన్ని ఆనవాలు పట్టుకుని నడవాలి? గోడా లేదు, ఫుట్‌పాత్ అంచూ లేదు” అంది. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. అది మమ్మల్ని డ్రాఖ్టెన్ దాకా వెంటాడింది.

డెల్ఫ్ట్ దగ్గర నేర్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది. 1970ల నడుమ ప్రభుత్వం హేగ్, టిల్బర్గ్ నగరాల్లో ఒక్కొక్క మేలైన సైకిలు మార్గం వేసి చూసింది. ఆ దారి బాగుపడింది గానీ, ఊళ్లో సైకిలు తొక్కేవాళ్ల లెక్క పెద్దగా మారలేదు. ఒక్క దారి ఎంత బాగున్నా, అది అయిపోయిన చోట మళ్లీ లారీల మధ్యలోకి దిగాల్సిందే కదా! 1980లలో డెల్ఫ్ట్ వేరే పద్ధతి పట్టింది. ఘనమైన మార్గం ఒకటి వేసే బదులు తెగిపోయిన చోట్లను వెతికి కలిపింది. ఇక్కడ చిన్న వంతెన, అక్కడ రైలు పట్టాల కింద సొరంగం, మరోచోట వన్‌వే వీధిలో సైకిళ్లకు ఎదురుదారి. ఊరంతటికీ అల్లిక కుదిరాక సైకిళ్లు పెరిగాయి. నగరానికి ఒక నమూనా వీధి కట్టి ఫోటోలు దిగేవాళ్లు ఈ సంగతి రెండుసార్లు చదవాలి.

మంగళవారం, రోటర్‌డామ్

రోటర్‌డామ్ మధ్యభాగం 1940 మే 14 బాంబుదాడిలో నేలమట్టమైంది. యుద్ధం తర్వాత కొత్త నగరాన్ని వెడల్పాటి రోడ్లతో కార్ల కోసం కట్టుకున్నారు. ఇప్పుడు ఆ వెడల్పును కొద్దికొద్దిగా వెనక్కి తీసుకుంటున్నారు. నగరం నడిబొడ్డున ఉన్న కూల్‌సింగెల్ వీధిలో కార్ల వరుసలు నాలుగు ఉండేవి. 2021 నాటికి వాటిని రెండు చేసి, మిగిలిన చోటు నడకకు, సైకిళ్లకు, చెట్లకు ఇచ్చారు.

మధ్యాహ్నం మాస్ నది కింది సొరంగానికి వెళ్లాం. 1942లో తెరిచిన మాస్‌టన్నెల్‌లో కార్లకు వేరు, సైకిళ్లకు వేరు, నడిచేవాళ్లకు వేరు గొట్టాలున్నాయి. కిందికి దిగడానికి చెక్క మెట్ల ఎస్కలేటర్లు. సైకిలును పక్కన నిలబెట్టి బ్రేకు పట్టుకుని దిగుతారు. నాకు సరదాగా ఉంది. అక్కయ్య మాత్రం ఎస్కలేటరు కటకటలు వింటూ రైలింగు వదల్లేదు. ఎనభై ఏళ్ల కిందట, యుద్ధం నడుమ తెరిచిన సొరంగంలోనే నడిచేవాడికి ప్రత్యేకంగా దారి వదిలారంటే, తర్వాత దశాబ్దాల్లో ఎక్కడెక్కడో కట్టిన ఫ్లైఓవర్లను ఏమనాలో నాకు తోచలేదు.

బుధవారం, గురువారం, ఉట్రెక్ట్

ఇక్కడ చూపించే వింతలు చాలా ఉన్నాయి. స్టేషను కింద 12,500 సైకిళ్లు పట్టే మూడంతస్తుల నిలుపుచోటు ఉంది. 2017లో మొదటి భాగం తెరిచి 2019లో పూర్తి చేశారు. సైకిలు దిగకుండానే లోపలికి తొక్కుకుంటూ పోవచ్చు. ఏ వరుసలో ఖాళీ ఉందో దీపాలు చెప్తాయి. మొదటి 24 గంటలకు రుసుము లేదు. ఇంటి నుంచి సైకిలు, ఆపైన రైలు అనే జోడీ కుదిరింది కాబట్టే ఊరి మధ్యకు అన్ని కార్లు రానక్కర్లేకపోయింది.

స్టేషను ఎదుట కాథరైన్‌సింగెల్ అనే కాలువ ఉంది. పాత కోట చుట్టూ ఉన్న కందకమిది. 1970లలో అందులో కొంత మేర నీళ్లు తీసేసి ఎక్స్‌ప్రెస్ రోడ్డు వేశారు. 2020లో ఆ రోడ్డు తవ్వేసి నీళ్లు మళ్లీ నింపారు. చేసిన పనిని ఇంత బాహాటంగా వెనక్కి తీసుకున్న నగరపాలక సంస్థలు అరుదు. కాలువ మీద జనం చిన్న పడవలు వేసుకుని పోతున్నారు. కొంత దూరంలో ఆమ్‌స్టర్‌డామ్–రైన్ కాలువ మీద డాఫ్నె స్కిపర్స్ వంతెన ఉంది. దాని సైకిలు బాట ఒక బడి పైకప్పు మీదుగా వంపు తిరిగి ఎక్కుతుంది.

ఇవన్నీ ఫోటోలకు బాగుంటాయి. నన్ను కట్టిపడేసింది మాత్రం స్టేషనుకు కాస్త దూరంలో ఒక మామూలు కూడలి. పేరు చెప్పుకోదగ్గది కాదు, అలాంటివి ఆ దేశం నిండా ఉన్నాయి. అక్కయ్యకు ఒక బెంచీ దొరికింది. నేను చాలాసేపు మూల దగ్గరే నిలబడ్డాను.

అక్కడ బండ్లు కుడివైపున నడుస్తాయి. కాబట్టి కూడలిలో పెద్ద ప్రమాదం కుడికి తిరిగే లారీతో. దాని కుడిపక్కన నేరుగా పోయే సైకిలు ఉంటుంది. మామూలు కూడలిలో లారీ అలా ఒంపుగా తిరిగేసరికి సైకిలు దాని పక్క అద్దానికి కూడా అందని గుడ్డిచోటులో ఉంటుంది. డ్రైవరు దుర్మార్గుడు కానక్కర్లేదు, అతనికి కనపడదు, అంతే.

ఈ కూడలి మూలలో పెసరబద్ద ఆకారంలో రాళ్లతో కట్టిన చిన్న దిమ్మె ఉంది. సైకిలు బాట ఆ దిమ్మె వెనక నుంచి, రోడ్డుకు ఒక కారు పొడవు ఎడంగా జరిగి కూడలి దాటుతుంది. తిరిగే లారీ దిమ్మెను చుట్టి రావాలి, మలుపు ఇరుకు కాబట్టి మెల్లగా రావాలి. అది సైకిలు బాట దగ్గరకు వచ్చేసరికి దాని ముఖం నేరుగా బాటకు ఎదురుగా ఉంటుంది. సైకిలు మనిషి పక్క అద్దంలో వెతకాల్సిన చుక్కగా కాక, ముందు గాజులో నిండుగా కనిపిస్తాడు. లారీ ఆ కారు పొడవు సందులో ఆగి దారి ఇస్తుంది, వెనక నేరుగా పోయే కార్లకు అడ్డం కూడా రాదు. నేల మీద తెల్లటి త్రికోణాల వరుస ఎవరు ఆగాలో చెప్తుంది. కుడికి తిరగాల్సిన సైకిళ్లకు సిగ్నల్‌తో పనిలేదు, దిమ్మె వెనకనుంచే జారుకుంటాయి.

నేను చూస్తుండగా ఒక ఇసుక లారీ వచ్చింది. డ్రైవరు మెడ తిప్పలేదు, అద్దం కేసి చూడలేదు. ఎదురుగా బడి సంచి తగిలించుకున్న పిల్ల సైకిలు మీద వచ్చేసరికి ఆగాడు. ఆ పిల్లా అతని కేసి చూడకుండా ముందుకు పోయింది. ఇద్దరిలో ఎవరికీ గుండె ఝల్లుమనలేదు. ఒక కొత్త నియమమో, ఒక హెచ్చరిక బోర్డో ఇంత పని చేయగలదా? నాలుగు బండ్ల రాళ్లు, ఒక గీత చేశాయి.

అదే కూడలిలో అక్కయ్య దాటిన తీరు కూడా చెప్పాలి. ఆమె మొత్తం రోడ్డును ఒక్క గుక్కలో దాటలేదు. ముందు సైకిలు బాట, ఆ తర్వాత ఆగడానికి దిమ్మె, తర్వాత ఒకే దిశలో వచ్చే కార్ల వరుస, మళ్లీ ఆగే చోటు. ప్రతిసారీ ఒకవైపు చూస్తే చాలు. సిగ్నల్ స్తంభం నుంచి వచ్చే టిక్‌టిక్ శబ్దం ఎరుపులో నిదానంగా, ఆకుపచ్చలో వడిగా మోగుతుంది, చూపు లేనివాళ్లకు అదే సైగ. పక్క వీధి కలిసే చోట ఫుట్‌పాత్ తెగిపోదు, అదే ఎత్తులో, అదే రాళ్లతో సాగిపోతుంది. కారే వాలు రాయి ఎక్కి, ఇంటి గడప దాటినట్టు దాటి పోవాలి. “ఇన్నాళ్లూ ప్రతి మలుపు దగ్గరా నేనే దిగి నేనే ఎక్కాను. ఇక్కడ కారు ఎక్కి దిగుతోంది” అని అక్కయ్య నవ్వింది.

వేగం లెక్క ఒకటి ఇక్కడ వేసుకోవాలి. డ్రైవరుకు ప్రమాదం కనపడి, కాలు బ్రేకు మీద పడటానికి ఒక సెకను పడుతుందనుకుందాం. గంటకు 30 కిలోమీటర్ల వేగంలో ఆ సెకనులో బండి 8 మీటర్లు పోతుంది, పొడి రోడ్డు మీద మరో 5 మీటర్లలో ఆగిపోతుంది. అంటే దాదాపు 13 మీటర్లు. 50 కిలోమీటర్ల వేగంలో ఆ ఒక్క సెకనులోనే దాదాపు 14 మీటర్లు పోతుంది. మొదటి కారు పూర్తిగా ఆగిపోయిన చోట రెండో కారు ఇంకా బ్రేకే వేయలేదు. 13 మీటర్ల దూరంలో ఉన్న బిడ్డను అది పూర్తి వేగంతో గుద్దుతుంది. ఇరవై కిలోమీటర్ల తేడా అంటే ఏమిటో ఇంతకన్నా విడమరచి చెప్పలేను.

ఉట్రెక్ట్ మీద అక్కయ్యకు ఒక పెద్ద ఫిర్యాదు మిగిలింది. బస్సు స్టాపుల దగ్గర సైకిలు బాట స్టాపు వెనక నుంచి పోతుంది. బస్సు సైకిళ్లకు అడ్డం రాదు, సైకిళ్లు బస్సు ముందు పడవు, ఇది తెలివైన ఏర్పాటే. కానీ బస్సు దిగిన మనిషి ఫుట్‌పాత్ చేరాలంటే ఆ బాట దాటాలి. సాయంత్రం ఇళ్లకు పోయే సైకిళ్ల ధార ఆగదు. జీబ్రా చారలు ఉన్నచోట కూడా కొందరు గంట కొట్టుకుంటూ దూసుకుపోయారు. “మీ సైకిలు వాళ్లకు కార్లంటే భయం, నడిచేవాళ్లంటే లెక్కలేదు” అంది. నేను వాదించబోయి ఊరుకున్నాను. స్టాపు దగ్గర బాటను కాస్త ఎత్తు చేసి ఫుట్‌పాత్‌తో సమానం చేసిన చోట సైకిళ్లు నెమ్మదించాయి, చదునుగా వదిలేసిన చోట లేదు. కార్ల విషయంలో చెప్పిన సూత్రమే సైకిళ్లకూ వర్తిస్తుంది, మర్యాద పాఠాలు ఇద్దరి దగ్గరా పనిచేయవు.

శుక్రవారం, హౌటెన్

ఉట్రెక్ట్ నుంచి రైల్లో పది నిమిషాలు. ఒకప్పుడు చిన్న పల్లె, ఇప్పుడు యాభై వేల మంది ఊరు. 1970లలో దీన్ని పెంచాలనుకున్నప్పుడు రాబ్ డెర్క్స్ అనే రూపశిల్పి ఊరి పటాన్ని తిరగేశాడు. ఊరి చుట్టూ వలయాకారపు రోడ్డు. ప్రతి పేటకూ కార్లు ఆ వలయం నుంచే లోపలికి రావాలి, మళ్లీ వలయానికే పోవాలి. పేట నుంచి పేటకు కారులో అడ్డదారి లేదు. సైకిలు బాటలు మాత్రం అన్ని పేటల నుంచీ ఊరి మధ్యకు, స్టేషనుకు, బడులకు నేరుగా పోతాయి. పక్క పేటలోని స్నేహితుడి ఇంటికి సైకిలు మీద మూడు నిమిషాలైతే, కారులో బయటికి పోయి చుట్టి రావాలి.

కారును నిషేధించలేదన్నది గమనించాలి. ప్రతి ఇంటి దాకా కారు పోతుంది. చుట్టుదారి వేయించారు, అంతే. రైలు పట్టాల కిందనే సైకిళ్ల నిలుపుచోటు ఉంది, అక్కడి నుంచి మెట్లెక్కితే ప్లాట్‌ఫారం.

బడి వదిలే వేళకు బాట పక్కన నిలబడ్డాం. ఎనిమిదేళ్ల పిల్లలు ముగ్గురేసి పక్కపక్కన కబుర్లాడుకుంటూ తొక్కుతున్నారు. పెద్దవాళ్లు తోడులేరు. అక్కడ కలిసిన ఒక విశ్రాంత ఇంజినీరు మాతో కాసేపు నడిచారు. రహదారి భద్రత మీద 1992లో వచ్చిన ‘సుస్థిర భద్రత’ విధానాన్ని ఆయనే విడమరిచి చెప్పారు. రోడ్లు మూడు రకాలే ఉండాలి. ఊళ్లను కలుపుతూ వేగంగా పోయేవి, ఇళ్ల ముందు వీధులు, ఈ రెంటినీ కలిపే మధ్య రోడ్లు. ఏ రోడ్డూ రెండు పనులు చేయకూడదు. వేగంగా పోయే రోడ్డు మీద ఇంటి గుమ్మాలు తెరుచుకోకూడదు, ఇంటి ముందు వీధిలో ఊళ్లు దాటే వాహనాలు పోకూడదు. బరువులో, వేగంలో బాగా తేడా ఉన్నవాటిని కలపకూడదు. కలపక తప్పకపోతే వేగం తగ్గించాలి. మనిషి పొరపాటు చేస్తాడని ముందే ఒప్పుకుని, ఆ పొరపాటుకు ప్రాణం పోకుండా రోడ్డు కట్టాలి.

“దుకాణాలు, బడులు, ఆసుపత్రి అన్నీ ఉన్న రోడ్డు మీదనే దూర ప్రయాణాల బస్సులూ లారీలూ పోతే?” అని అక్కయ్య అడిగింది.

“అమ్మా, ఆ రోడ్డు మీద ఎన్ని బోర్డులు పెట్టినా మనుషులు చస్తూనే ఉంటారు” అన్నారాయన, మెత్తగా.

ఒప్పుకోవాల్సింది ఇంకొకటి ఉంది. హౌటెన్ భద్రమైన ఊరే, కాని సాయంత్రం ఆరు దాటాక నాకు విసుగు పుట్టించింది. బాటలన్నీ ఇళ్ల వెనక పచ్చికల్లోంచి పోతాయి, అంగళ్ల సందడి కనపడదు.

శనివారం, ఖ్రోనింగెన్

ఉత్తరాన ఉన్న విశ్వవిద్యాలయ నగరం. హౌటెన్ కొత్తగా కట్టిన ఊరు కాబట్టి గీసినట్టు కుదిరింది, పాత నగరంలో అది ఎలా సాధ్యమని అడిగేవాళ్లకు జవాబు ఇక్కడ ఉంది. 1977 సెప్టెంబరులో నగర కేంద్రాన్ని నాలుగు భాగాలుగా చీల్చారు. ఒక భాగం నుంచి మరోభాగంలోకి కారు నేరుగా పోలేదు, బయటి వలయానికి పోయి తిరిగి రావాలి. నడిచేవాళ్లు, సైకిళ్లు, బస్సులు పోవచ్చన్నారు. కొత్త రోడ్డు వేయలేదు, భవనం కూల్చలేదు. వన్‌వే బోర్డులు మార్చారు, కొన్ని చోట్ల అడ్డు కట్టారు. దీని వెనక ఉన్న యువ నగర ప్రతినిధి మాక్స్ వాన్ డెన్ బెర్ఖ్. వ్యాపారులు మండిపడ్డారు, అంగళ్లు మూతపడతాయన్నారు. శనివారం సంతలో నాకు మాత్రం కాలు పెట్టే చోటు దొరకలేదు.

అక్కయ్య చేపల అంగడి మైదానం పక్కన కూర్చుంటానంటే, నేను అద్దె సైకిలు తీసుకుని సిగ్నళ్ల దగ్గరకు పోయాను. ఆ సైకిలుకు చేతి బ్రేకు లేదు, పెడలు వెనక్కి తొక్కితే ఆగుతుంది. 1989 నుంచి ఈ ఊళ్లో కొన్ని కూడళ్లలో సైకిళ్లకు అన్ని దిక్కుల నుంచీ ఒకేసారి ఆకుపచ్చ దీపం పడుతుంది. ఆ సమయంలో కార్లన్నీ ఆగి ఉంటాయి. సైకిళ్లు అడ్డంగా, ఐమూలగా, ఎటు కావాలంటే అటు పోతాయి. చూస్తే గందరగోళం. లోపల ఉంటే ఏమీ లేదు, ఎదుటివాడి కళ్లు చూస్తావు, అర అడుగు పక్కకు జరుగుతావు, దాటేస్తావు. మనిషి వేగంలో, మనిషి బరువులో ఉన్నవాళ్లు ఒకరికొకరు సర్దుకుంటారు. అదే గుంపులో ఒక్క కారుంటే ఈ సర్దుబాటు సాగదు.

ఎడమకు తిరగాల్సిన సైకిలుకు ఇది వరం. రెండుసార్లు ఆగే బదులు ఒక్కసారి ఆగితే చాలు. కారు నడిపేవాళ్లకూ నష్టం లేదు, తమ వంతు వచ్చినప్పుడు సైకిళ్లు అడ్డం రాకుండా తిరిగిపోతారు. అసలు ఈ దేశంలో సిగ్నళ్లు చాలావరకు రోడ్డులో పూడ్చిన తీగచుట్టల ద్వారా బండి వచ్చిందని పసిగట్టి మారతాయి. ఎవరూ లేని రోడ్డుకు ఎర్రదీపం ముందు కాపలా కాయాల్సిన ఖర్మ డ్రైవరుకు తక్కువ.

ఆదివారం వాన. ఖ్రోనింగెన్‌లోనే అక్కయ్య మోకాలికి విశ్రాంతి.

సోమవారం, డ్రాఖ్టెన్

రైలు లేని ఊరు, ఖ్రోనింగెన్ నుంచి బస్సు. ప్రపంచం నలుమూలల నుంచి వీధుల నిపుణులు ఇక్కడికి వస్తారు, కారణం లావైప్లెయిన్ అనే కూడలి. ఫ్రీస్‌లాండ్‌కు చెందిన ట్రాఫిక్ ఇంజినీరు హాన్స్ మాండర్‌మన్ ఇక్కడి సిగ్నళ్లు, బోర్డులు తీసేయించాడు. అన్నీ తీసేస్తే డ్రైవరు దీపాన్ని నమ్ముకోక ఎదుటి మనిషిని చూస్తాడని, అప్రమత్తమవుతాడని ఆయన వాదన. సందర్శకులను తీసుకొచ్చి వెనక్కి నడుస్తూ రోడ్డు మధ్యలోకి వెళ్లి చూపించేవాడట. 2008లో ఆయన చనిపోయాడు.

వేల వాహనాలు పోయే ఆ కూడలి చూశాక నాకు రెండు అభిప్రాయాలు కలిగాయి. మొదటిది, కార్లు నెమ్మదిగానే పోతున్నాయి, ఎవరూ ఎక్కువసేపు ఆగడం లేదు. రెండోది, బోర్డులు తీసేయడం వల్లనే ఇది జరిగిందన్న ప్రచారాన్ని నేను నమ్మను. అది తీరా చూస్తే ఒక రౌండ్‌అబౌట్. ప్రతి కారూ వంపు తిరిగి రావాల్సిందే. నెమ్మదింపజేసేది వంపు, పేరు మాత్రం స్వేచ్ఛకు పోయింది.

అక్కయ్య అంచున నిలబడింది. ఒక కారు ఆగింది, తర్వాతది ఆగలేదు, ఆ తర్వాతది ఆగి డ్రైవరు చెయ్యి ఊపాడు. ఆమె దాటింది గానీ అటువైపు చేరాక, “నాకు కళ్లున్నాయి కాబట్టి అతని చెయ్యి కనపడింది. చూపు లేని మనిషి ఎవరి కళ్లలోకి చూడాలిరా?” అంది. టాంట్‌హోఫ్ ప్రశ్నే. అక్కడ నడక వేగంలో పోయే కార్లు నాలుగైతే ఇక్కడ వేలు. చూపు లేనివారి సంఘాలు చాలా దేశాల్లో అడిగింది ఇదే. బ్రిటన్ ప్రభుత్వం 2018లో రద్దీ వీధుల్లో ఇలాంటి సమతలపు పథకాలను నిలిపి ఉంచమని స్థానిక సంస్థలను కోరింది. చూపులతో కుదుర్చుకునే ఒప్పందంలో చూపు లేనివాడికి, చిన్నపిల్లలకు, నెమ్మదిగా నడిచేవాళ్లకు వాటా ఉండదు. తిరుగు బస్సులో నేను మాండర్‌మన్ పక్షాన ఒక్క మాట కూడా చెప్పలేకపోయాను.

మంగళవారం, ఆమ్‌స్టర్‌డామ్

2023 డిసెంబరు నుంచి ఈ నగరంలో చాలా వీధుల్లో గరిష్ఠ వేగం 30 కిలోమీటర్లు. బోర్డులు మారాయి, కొన్ని వీధుల రూపం ఇంకా మారలేదు. వెడల్పుగా నిటారుగా సాగే వీధిలో కార్లు 30 దాటుతున్నాయని చూస్తూనే తెలిసిపోతుంది. ట్రామ్ పట్టాల్లో సైకిలు చక్రం ఇరుక్కునే ప్రమాదం మరొకటి, పట్టాలను అడ్డంగానే దాటాలి. మోపెడ్ల గోల భరించలేక 2019లో నగరం చుట్టూ ఉన్న వలయ రహదారి లోపల, సైకిలు బాటల మీద తిరిగే తక్కువ వేగపు మోపెడ్లను రోడ్డు మీదకు పంపారు. ఇప్పుడు లావు టైర్ల బ్యాటరీ సైకిళ్లు ఆ చోటు ఆక్రమించాయి. అక్కయ్యకు ఈ నగరం అసలు నచ్చలేదు.

2023లో నెదర్లాండ్స్‌లో రోడ్డు ప్రమాదాల్లో 684 మంది చనిపోయారు. 1971తో పోలిస్తే అయిదో వంతు, జనాభా మాత్రం అప్పటికన్నా చాలా పెరిగింది. కాని ఆ 684 మందిలో 270 మంది సైకిళ్ల మీద ఉన్నవాళ్లే, వాళ్లలో వృద్ధులు ఎక్కువ. సైకిలు స్వర్గమనే ప్రకటనల్లో ఈ అంకె కనపడదు. మరోవైపు, కారు ఒక సైకిలునో నడిచే మనిషినో గుద్దితే నష్టపరిహారం భారం ప్రధానంగా కారు యజమాని మీదే ఉంటుంది. దెబ్బతిన్నది పద్నాలుగేళ్ల లోపు పిల్లలైతే దాదాపు ఎప్పుడూ పూర్తిగా కట్టాల్సిందే. తప్పెవరిదన్న వాదన తర్వాత, బరువు ఎవరిదన్నది ముందు.

సాయంత్రం మా బసకు దగ్గర్లో ఒక వీధి మొత్తం తవ్వేసి ఉంది. కింద మురుగు గొట్టాలు మారుస్తున్నారు. ఈ దేశం వీధులను మార్చే రహస్యం ఎక్కువగా ఇదే. వీధిని అందం కోసం తవ్వరు, గొట్టాలకో పైపూతకో ఆయుష్షు తీరినప్పుడు ఎలాగూ తవ్వాలి కదా, మళ్లీ వేసేటప్పుడు పాత కొలతల్లో వేయరు. ఇటుకలు పేర్చిన వీధి కాబట్టి వాటిని ఏరి, గుట్టగా పోసి, మళ్లీ పరుస్తారు. అడ్డుకంచెకు కొత్త పటం తగిలించి ఉంది. ఒకవైపు పార్కింగ్ వరుస పోయి చెట్లు వస్తాయి, ఫుట్‌పాత్ వెడల్పవుతుంది, మూలల్లో మలుపు ఇరుకవుతుంది.

పటం ముందు ఒక దుకాణదారు, పనుల పర్యవేక్షకురాలు గట్టిగా వాదించుకుంటున్నారు. సరుకుల బండి ఎక్కడ ఆగాలని ఆయన ప్రశ్న. ఉదయం పదకొండు లోపు ఫుట్‌పాత్ అంచున గుర్తు వేసిన చోట ఆగవచ్చని ఆమె జవాబు. ఆయనకు అది చాలలేదు. అక్కయ్య కర్ర చివరతో పటంలో బస్సు స్టాపు గుర్తు చూపించి, “అమ్మాయ్, ఇక్కడ సైకిలు బాటను ఎత్తు చేస్తున్నారా, చదునుగానే వదిలేస్తున్నారా?” అని అడగమంది. అడిగాను. ఆమె పటం మీద వంగి కొలత వెతికి, ఇంకా తేలలేదని, వచ్చే వారం వీధివాసుల సమావేశంలో ఆ విషయం చర్చకు వస్తుందని చెప్పింది. రాతపూర్వకంగా అభ్యంతరం ఎవరైనా పంపవచ్చా అని అక్కయ్య రెండో ప్రశ్న. పంపవచ్చట. విమానం మర్నాడు కాబట్టి, ఆ రాత్రే కూర్చుని ఆమె చెప్తుంటే నేను రాశాను, ఒకటిన్నర పేజీ వచ్చింది.